కుళాయి పీకేసిన వంటగది

వంటగది అంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత అదే ప్రశ్న మీద ఏడాది పైగా ఉత్తరాలు రాశాను. మధ్యలో ఒక సంతకం పెట్టాను. ఆ సంతకం వల్ల ఒక మనిషి చెయ్యి పాడైంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మీ సర్వీసులో గుర్తుండిపోయిన కేసు చెప్పండి మేడమ్ అంటుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిన కథో, క్రేను హైటెన్షన్ తీగకు తగిలిన కథో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి లేక కాదు. దాచేపల్లి వైపు తిరిగినన్నాళ్ళూ చూశాను. వాటిలో తప్పెవరిదో వెళ్ళిన అరగంటలో తేలిపోయేది. ఇది అలా తేలలేదు. అందుకే ఇదే చెబుతాను.

నేను విద్యుత్ తనిఖీ విభాగంలో పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. మా పనేమిటో మా చుట్టాలకే సరిగ్గా తెలియదు. కరెంటు పోతే నాకు ఫోన్ చేసేవాళ్ళు. కరెంటు ఇచ్చేది మేం కాదు, బిల్లు కొట్టేదీ మేం కాదు. పదిమంది చేరే భవనం ఏదైనా కడితే, దాని వైరింగు మనుషుల ప్రాణం తీసేలా లేదని చూసి కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళం. ఎక్కడైనా కరెంటు వల్ల ప్రమాదం జరిగితే వెళ్ళి, ఎందుకు జరిగిందో రాసేవాళ్ళం. ఈ రెండు పనులూ ఒకే మనిషి నెత్తిన పడితే ఎలా ఉంటుందో చూడబోతున్నారు.

కరోనా సద్దుమణిగి బడులు మళ్ళీ తెరిచిన రోజులవి. సత్తెనపల్లి వైపు ఒక ఆడపిల్లల వసతి పాఠశాలకు కొత్త భవనం కట్టారు. మూడు వందల మంది పిల్లలు. అంతవరకూ ఊళ్ళో ఒక అద్దె మేడలో ఇరుక్కుని ఉండేవాళ్ళు. ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ప్లాను చూశాను. కింద పెద్ద భోజనాల హాలు, దాని పక్కన పొడుగాటి గది ఒకటి, దాని మీద 'స్టోరు' అని రాసి ఉంది. వెనకాల కొంచెం ఎడంగా రేకుల షెడ్డు, దాని మీద 'వంటశాల' అని ఉంది. కాగితం మీద ఏ తప్పూ కనపడలేదు.

వెళ్ళి చూస్తే ఆ స్టోరులో గోడ పొడుగునా నల్ల గ్రానైటు బండ. బండ చివర స్టీలు తొట్టి, దాని మీద కుళాయి. నేల వాలుగా, మూలన నీళ్ళు పోయే జాలీ. బియ్యం బస్తాలు పెట్టుకునే గదికి జాలీ ఎందుకు? వైరింగు మాత్రం నిజంగా స్టోరుకు చేసినట్టే చేశారు. రెండు ట్యూబు లైట్లు, తలుపు పక్కన చిన్న ప్లగ్గు పాయింటు ఒకటి. సెల్‌ఫోను చార్జింగు పెట్టుకోవడానికి సరిపోతుంది.

కాంట్రాక్టరును పిలిచి ఇది వంటగది కదా అన్నాను. ఆయన చాలా మర్యాదస్తుడు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను అంత మర్యాదగా విసిగించిన మనిషి మరొకరు లేరు. వంట షెడ్డులో కదా మేడమ్ చేసేది, పొయ్యి ఎక్కడుంటే అదే వంటగది అన్నాడు. సరే, షెడ్డుకు వెళ్ళాను. అక్కడ గ్యాసు పొయ్యిలున్నాయి, లైట్లున్నాయి, ఒక్క ప్లగ్గు పాయింటు కూడా లేదు. ఇదేమిటంటే, ఇక్కడంతా గ్యాసు మీదే మేడమ్, కరెంటుతో పనేముంది అన్నాడు. అంటే పొయ్యి ఉన్న చోట కరెంటుతో పని లేదు కనక వంటగది వైరింగు అక్కర్లేదు. గ్రైండరూ మిక్సీలూ ఉండే చోట పొయ్యి లేదు కనక అక్కడా అక్కర్లేదు. మూడు వందల మందికి మూడు పూటలా వండే ఆ ఆవరణలో, ఆయన లెక్కన, వంటగదే లేదు.

వంటగది అని ఒప్పుకుంటే ఏమవుతుందో ఇక్కడ చెప్పాలి. ప్యానెల్ నుంచి దానికి విడిగా లైను లాగాలి. గ్రైండర్లూ ఫ్రిజ్జులూ మోసే పెద్ద పాయింట్లు, తొట్టికి దూరంగా, బండకు పైన పెట్టాలి. ప్రతి పాయింటుకూ గట్టి ఎర్తు ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మనిషి ఒంట్లోంచి కరెంటు కారుతుంటే కన్ను మూసి తెరిచేలోపు లైను తెంపేసే లీకేజి బ్రేకరు పెట్టాలి. భవనం మొత్తానికీ మెయిన్ దగ్గర ఒకటి పెట్టారు గానీ, అది పెద్ద లీకైతేనే పడి లైను ఆపుతుంది. మనిషి ప్రాణం పోవడానికి అంత లీకు అక్కర్లేదు.

ఇది వంటగది, ఫలానా ఫలానా మార్పులు చేయాలి అని రాసి పంపాను. నా పై అధికారి ఫైలు మీద ఒకే ముక్క రాసి తిప్పి పంపారు. ఏ నిబంధన ప్రకారం?

అప్పుడు పుస్తకాలు తిరగేశాను. ఇంటి వంటగదిలో ఎన్ని పాయింట్లుండాలో ఉంది. ఎత్తెంతో ఉంది. వంటగది అంటే ఏమిటో మాత్రం నాకు ఎంత వెతికినా దొరకలేదు. రాసినవాళ్ళను తప్పు పట్టలేను, దాన్ని కూడా చెప్పాల్సొస్తుందని వాళ్ళకు తట్టి ఉండదు. మా టెక్నీషియను నాకంటే ఏడాది ముందు రిటైరు కావాల్సిన పెద్దాయన. వైర్లలో లీకు పరీక్షించే మెగ్గరు డబ్బా చంకన పెట్టుకుని నాతో ప్రతి తనిఖీకీ వచ్చేవాడు. నేను మూడో రోజు కూడా పుస్తకాల్లో తల దూర్చి కూర్చుంటే, మా ఇంటిదాన్ని అడిగి రమ్మంటారా మేడమ్, ముప్ఫై ఐదేళ్ళుగా అందులోనే ఉంది అన్నాడు. నేను నవ్వలేదు. అడిగి వచ్చినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

చివరికి వేరే దేశపు వైరింగు నియమాల్లో దొరికింది. కడుక్కునే తొట్టి ఉండాలి, ఆహారం తయారు చేయడానికీ వండడానికీ స్థిరమైన ఏర్పాట్లు ఉండాలి, అలాంటి చోటు వంటగది అని దాని సారాంశం. నా సంతోషం చెప్పలేను. అది మన చట్టం కాదని నాకు తెలుసు. కానీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసి పెట్టారు కదా. తొట్టి ఉంది, బండ ఉంది, కాబట్టి ఇది వంటగదే అని, తెలివైన పని చేశాననుకుంటూ ఉత్తరం రాశాను. దాని నకలు కాంట్రాక్టరుకు వెళ్ళింది.

రెండు వారాల్లో ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. తమరు సూచించిన లోపాన్ని సరిచేశాం, దయచేసి మళ్ళీ తనిఖీ చేయగలరు అని. ఇంత త్వరగా లైన్లు లాగారా అని ఆశ్చర్యపోతూ వెళ్ళాను. లైన్లు లాగలేదు. తొట్టి పీకేశారు. కుళాయి పీకేసి గొట్టం మూతి సిమెంటుతో పూడ్చారు. బండ మాత్రం అలాగే ఉంది. తొట్టి ఉన్నచోట నల్లగా ఒక చదరపు కన్నం. కాంట్రాక్టరు చేతులు కట్టుకుని, తమరు చెప్పిన నిర్వచనం ప్రకారం ఇప్పుడిది వంటగది కాదు కదా మేడమ్ అన్నాడు.

ఆ రోజు నాకు వచ్చిన విసుగు మామూలుది కాదు. అరిచాను. ఇది స్టోరని మీ అమ్మగారిని తీసుకొచ్చి చెప్పించండి, ఒప్పుకుంటాను అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. అరిచేవాళ్ళు కాసేపటికి వాళ్ళే అలిసిపోతారని ఆయనకు తెలుసు.

అక్కడే తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. పాఠశాలలో పెద్ద వంటావిడ. అంతకు ముందు మిరపకోతలకూ పత్తి తీతకూ వెళ్ళేదట, పదేళ్ళుగా ఇక్కడే వండుతోంది. కొత్త వంటగది ఎలా ఉందో చూసుకుందామని అద్దె మేడ నుంచి వచ్చింది. ఆవిడ ఆ కన్నం వంక చూసి, నన్ను అడిగింది.

"మేడమ్ గారూ, కుళాయి తీసేశారేంటండీ? నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకోవాలి మేము?"

నేనింకా ఆ కాంట్రాక్టరు మీది కోపంలోనే ఉన్నాను. "ఇది స్టోరమ్మా. ఇక్కడ నీళ్ళతో పనేముంది?" అన్నాను.

వెటకారంగా అన్నాను. అది కాంట్రాక్టరుకు తగలాలని. ఆవిడకు ఆ వెటకారం ఎలా తెలుస్తుంది? తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ చెప్పింది, ఇది స్టోరు అని. అంతే విన్నది.

ఆఫీసుకు వచ్చేసరికి పై అధికారి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, రిటైర్‌మెంటు దగ్గరపడ్డ మనిషి. అద్దె మేడ కురుస్తోందనీ, పిల్లలకు జ్వరాలనీ, పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయనీ చెప్పారు. మీరు పెట్టిన అభ్యంతరం వాళ్ళు తీర్చారు, ఇంక దేన్ని పట్టుకుని ఆపుతారు అని అడిగారు. నా దగ్గర కాగితం మీద పట్టుకోవడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క తాడునూ నేనే కాంట్రాక్టరు చేతికిచ్చాను. గ్రైండరు ఎక్కడ పెడతారో రాసివ్వమని అడగొచ్చు. షెడ్డుకు పాయింట్లు ఇవ్వందే కుదరదని మొండికెయ్యొచ్చు. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు ఆ ఫైలు మొహం ఇంకోసారి చూడకుండా ఉంటే చాలనిపించింది. సంతకం పెట్టేశాను.

మీలో చాలామంది విసుగును నిజాయితీకి గుర్తనుకుంటారు. చిరాకు పడుతున్నాం కాబట్టి పట్టించుకుంటున్నాం అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ సంతకం లంచానికి పెట్టలేదు, భయానికి పెట్టలేదు. విసుగుకు పెట్టాను. ఫలితంలో తేడా ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ కథంతా మా ఆయనకు చెప్పాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, నాకంటే ముందు ఇల్లు చేరతాడు కాబట్టి మా ఇంట్లో సాయంత్రం వంట ఆయనదే. నేను వంటింట్లోకి వెళ్ళేది తినేసిన కంచం పెట్టడానికి. కాంట్రాక్టరు తెలివితేటలు చెబితే నవ్వుతాడనుకున్నాను. బెండకాయలు తరుగుతున్నవాడు ఆగి, "తొట్టి పీకేశారు సరే. మరి పప్పు ఎక్కడ కడుగుతారు?" అని అడిగాడు.

షెడ్డులో కడుక్కుంటారేమో అన్నాను. రుబ్బేటప్పుడు నీళ్ళు పోయాలిగా, గ్రైండరు కడగాలిగా అన్నాడు. బకెట్లతో తెచ్చుకుంటారు, అంతకంటే ఏం చేస్తారు అన్నాను. అన్నాక నా మాట నాకే వినపడింది. ఇంతకు ముందు నీళ్ళు తొట్టిలో ఉండేవి. నా ఉత్తరం పుణ్యమా అని ఇప్పుడు నేల మీద ఉంటాయి. మర్నాడు పొద్దున్నే ఫైలు వెనక్కి తెప్పించి ఉంటే సరిపోయేది. తెప్పించలేదు. ఈ ముక్క నేను విచారణలో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఇప్పుడు చెబుతున్నాను.

పండుమిరప కాయలొచ్చే రోజుల్లో, ఒక ఉదయం పదిన్నరకు ఫోనొచ్చింది. మా వైపు ఆ కాలంలో ఏ ఇంట చూసినా పండుమిరప పచ్చడి పడుతుంటారు. ఆ పాఠశాలలో కూడా పిల్లలకని కాయలు ఉప్పూ చింతపండూ వేసి గ్రైండర్లో రుబ్బుతున్నారు. గ్రైండరు స్టోరులోనే ఉంది. ఆ చిన్న పాయింటు పనికిరాక, వరండాలోంచి ఎక్స్‌టెన్షను తీగ లాక్కున్నారు. దాని ప్లగ్గుకు ఎర్తు పిన్ను లేదు. నేలంతా బకెట్లు మోసిన నీళ్ళు. పెద్ద వంటావిడ ఒక చేత్తో గ్రైండరు అంచు పట్టుకుని రెండో చేత్తో పచ్చడి తోయబోయింది. పట్టుకున్న చెయ్యి రాలేదు.

రెండో వంటామె అన్నం కలిపే చెక్క తెడ్డుతో ఆ తీగను కొట్టి ప్లగ్గు ఊడగొట్టింది. మనిషిని ముట్టుకోకుండా తీగను కొట్టాలన్న తెలివి ఆమెకు ఆ క్షణంలో ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆమె లేకపోతే నేను రాయాల్సింది వేరే రకం నివేదిక. పెద్దావిడ వెనక్కి పడింది, తల బండకు తగిలింది, కుడి అరచెయ్యి లోతుగా కాలింది. గుంటూరు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుంది.

ప్రమాద విచారణ నా పరిధిలోకే వచ్చింది. ఆమోదించిన మనిషే విచారణ చేయకూడదని పై అధికారికి చెప్పాను. వేరే ఎవరున్నారమ్మా, ఉన్నదే ముగ్గురం అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, స్టోరు గదిలో అనుమతి లేకుండా గ్రైండరు వాడారు కదా, ఉన్నది ఉన్నట్టు రాసేయండి, అందరికీ సుఖం అన్నారు. ఆ అందరిలో వంటావిడ లేదు. అలా రాస్తే ఆవిడ ఉద్యోగం పోతుంది, రావాల్సిన సాయమేదీ రాదు. పైగా తప్పంతా ఆవిడదే అవుతుంది. ఇది అర్థం కానంత తెలివితక్కువదాన్ని కాను. ఆ మాట నన్ను ఊరించలేదనీ చెప్పను. దారిలో జీపులో కూర్చుని, మనసులో ఆ వాక్యాన్ని రెండు మూడు రకాలుగా రాసి చూసుకున్నాను.

పాఠశాల ఆఫీసు గదిలో కూర్చున్నాం. వార్డెనమ్మ, కాంట్రాక్టరు, మా టెక్నీషియను, నేను. వంటావిడ ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. చేతికి కట్టు, మనిషి సగమైంది. వార్డెనమ్మ ఆవిడ వాంగ్మూలాన్ని ముందే టైపు చేయించి పెట్టింది. సంతకం పెట్టలేవు కదా, ఎడమ చేతి వేలిముద్ర వెయ్యి చాలు అని స్టాంపు ప్యాడు ముందుకు జరిపింది.

ఆవిడ ప్యాడు వంక చూడలేదు. కాగితం తీసుకుంది. మాకెవరికీ అప్పటికి తెలియని సంగతి ఒకటుంది. ఆవిడ వాళ్ళ ఊరి చర్చిలో ఆదివారాలు లేచి నిలబడి బైబిలు వాక్యం చదివే మనిషి. టైపు కాగితం ఆవిడకు ఒక లెక్కా? ఆరాధనలో చదివినట్టే, నెమ్మదిగా, అందరికీ వినపడేలా పైకి చదవడం మొదలుపెట్టింది. "స్టోరు గదియందు అనుమతి లేకుండా గ్రైండరు ఉపయోగించుచుండగా" అన్న దగ్గర ఆగింది.

"ఇది నేను చెప్పలేదండి" అంది.

వార్డెనమ్మ చిరాగ్గా, ప్లానులో అది స్టోరే, రికార్డులో ఎలా ఉందో అలాగే రాయాలి అంది. కాంట్రాక్టరు తన మర్యాద తను కాపాడుకుంటూ, ఆమోదం పొందిన ప్లానండి అని ఆమోదం అన్న మాటను నా వైపు చూసి పలికాడు.

వంటావిడ కాగితం బల్ల మీద పెట్టింది. "తెల్లారగట్ట లేస్తే అన్నం వార్చిందాకా అందులోనే ఉంటామండి. ఉల్లిపాయలు అక్కడే కోస్తాం, పిండి అక్కడే రుబ్బుతాం. పండగ సెలవల్లో తప్ప ఆ నేల ఆరింది లేదు. మీరు దాన్ని స్టోరనుకోండి, సినిమా హాలనుకోండి, మీ ఇష్టం. నేను పడింది మాత్రం వంటింట్లో." ఆ మాట చెప్పి నా వైపు తిరిగింది. "మేడమ్ గారూ, మీరు చెప్పండి. ఆ కుళాయి మీరు చూశారు గదా."

గొంతులో నిష్ఠూరం కూడా లేదు. సాక్షిని అడిగినట్టు అడిగింది. ఆ గదిలో ఆ కుళాయిని చూసిన ఆఫీసరును నేనొక్కదాన్నే.

చూశానమ్మా అన్నాను. టైపు చేసిన కాగితాన్ని పక్కన పడేసి, తెల్ల కాగితం తీసుకుని, ఆవిడ చెబుతుంటే నా చేత్తో రాశాను. వంటగదిలో పచ్చడి రుబ్బుతుండగా అని రాశాను. మొత్తం చదివి వినిపించాను. ఆవిడ కాగితం లాక్కుని మళ్ళీ తనే చదువుకుంది, నా మీద నమ్మకం లేక. అందులో న్యాయముంది. అప్పుడు ఎడమ చేత్తో, వేలిముద్ర కాదు, వంకరగా సంతకమే పెట్టింది.

నివేదికలో కారణాలు రాసేటప్పుడు ఎర్తు లేని ఎక్స్‌టెన్షను తీగ రాశాను, వంటగదికి వంటగది వైరింగు చేయకపోవడం రాశాను, తొట్టి తొలగించడం వల్ల నేల నీళ్ళమయం కావడం రాశాను. చివరగా, ఇవన్నీ కంటితో చూసి కూడా తనిఖీ అధికారిణి ఆమోదం తెలపడం అని రాసి, కింద అదే అధికారిణిగా సంతకం పెట్టాను. మా టెక్నీషియను దాన్ని చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ మీద మీరే రాసుకుంటే, రేపు ఎవరూ మిమ్మల్ని వెనకేసుకురారండీ" అన్నాడు. నిజంగానే ఎవరూ రాలేదు.

పై అధికారి ఆ నివేదికను వెంటనే తిప్పి పంపారు. ఎందుకో ఊహించండి. నా తప్పు గురించి కాదు. నివేదికలో వంటగది అని వచ్చిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన, నిర్వచనం? అని రాశారు. పదకొండు సున్నాలు. ఒక మనిషి చెయ్యి కాలి, పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక కూడా మేం ఇంకా అక్కడే ఉన్నాం. ఈసారి నేను పుస్తకాలు తిరగేయలేదు. ఏ రోజైనా పొద్దున తొమ్మిదికి అక్కడికి వెళ్ళి పది నిమిషాలు నిలబడవలసిందిగా మనవి అని రాసి పంపాను. దానికి మెమో వచ్చింది, పై అధికారితో వాడకూడని భాష వాడినందుకు. నా ఆమోదం మీద మెమో అది వచ్చిన నెలకు వచ్చింది. భాష గురించిన మెమో ముందు వచ్చిందన్న సంగతి మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

విచారణ జరిగింది. మందలింపు నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. రావాల్సిన ప్రమోషను రాలేదు. కనిగిరి వైపు పనులకు నన్ను తిప్పారు, రిటైరయ్యేదాకా అక్కడే. దానికి నేను బాధపడలేదంటే అబద్ధం. చాలా రోజులు ఎవరు పలకరించినా గయ్యిమనేదాన్ని. కానీ నా నివేదికను మాత్రం ఎవరూ మార్చలేకపోయారు, చేతిరాత వాంగ్మూలం దానికి కుట్టి ఉంది కాబట్టి. వంటావిడకు ఉద్యోగం నిలిచింది, వైద్యం ఖర్చు పాఠశాల భరించింది. రెండు వేళ్ళు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడవవు. ఏడు నెలలకు కాంట్రాక్టరు చేతే ఆ గదికి విడిగా లైను లాగించారు, ఎర్తు వేయించారు, తొట్టీ కుళాయీ తిరిగి పెట్టించారు. ఆయన చివరి వరకూ అదే మర్యాద. అభివృద్ధి పరచిన స్టోరు పని పూర్తయిందని ఉత్తరం రాశాడు.

పరీక్షించడానికి వెళ్ళాల్సింది నా చోటుకు వచ్చిన కొత్త అధికారి. ఆయన్ను బతిమాలి నేనూ వెంట వెళ్ళాను. మెగ్గరు రీడింగులు సరిగ్గా ఉన్నాయి. లీకేజి బ్రేకరు మీద పరీక్ష బటను నొక్కితే టక్కున పడింది. వంటావిడ తలుపు దగ్గర నుంచి చూస్తోంది. రుబ్బే పని ఇప్పుడు రెండో వంటామెది, పెద్దావిడ పైనుంచి చూసుకుంటుంది. ఇదేంటండీ అని అడిగింది. గ్రైండర్లోంచి కరెంటు కారితే మనల్ని తాకి పడగొట్టేలోపు ఇది లైను తెంపేస్తుంది, ఇది పడిందంటే ఆ వస్తువును ముట్టుకోవద్దని అర్థం అని చెప్పాను. ఈసారి వెటకారం లేకుండా, ఆవిడ మొహంలోకి చూసి చెప్పాను. ఆవిడ తల ఊపింది.

గ్రైండరు పెట్టి స్విచ్చి వేశారు. టక్. బ్రేకరు పడింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ పడింది. అది పాత గ్రైండరే, ఏళ్ళ తరబడి ఉప్పూ చింతపండూ లోపలికి దిగి తినేసిన గ్రైండరు. కారుతోంది, బ్రేకరు దాన్ని పట్టుకుంది. అది చేయాల్సిన పని అదే.

వార్డెనమ్మ గొడవ మొదలుపెట్టింది. ఇన్ని నెలలు తవ్వి ఇదా మీరు చేసింది, పాత వైరింగు మీద శుభ్రంగా తిరిగిన గ్రైండరు కొత్తదాని మీద తిరగడం లేదు, పన్నెండున్నరకు పిల్లలు భోజనానికొస్తారు, పచ్చడికి దోసకాయ ముక్కలు కోసి పెట్టి ఉన్నాయి, ఆ బ్రేకరును పక్కన పెట్టి నేరుగా లైను ఇవ్వండి అంది. కాంట్రాక్టరు అప్పుడే జేబులోంచి టెస్టరు తీశాడు. రెండు నిమిషాల పని మేడమ్ అన్నాడు. కొత్త అధికారి నా వైపు చూశాడు. ఇంత జరిగాక, అదే గదిలో, అదే గ్రైండరుకు, అదే మాట. తలుపు తీసుకుని వెళ్ళిపోదామా అనిపించినంత విసుగు.

వంటావిడ లోపలికి వచ్చి బోర్డుకు అడ్డంగా నిలబడింది. ఎవరినీ తొయ్యలేదు, ఎవరి మీదా అరవలేదు. కాంట్రాక్టరు పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ జరగలేదు. రెండో వంటామెను పిలిచి ఆ గ్రైండరు ప్లగ్గు పీకి బయట వరండాలో పెట్టమంది. ఆ తర్వాత వార్డెనమ్మ వైపు తిరిగి చెప్పింది.

"ఇవాళ పచ్చడి లేదండి."